బాలింత సెలవు - బిల్లు ఎవరి పేర?

మొన్నామధ్య ఆఫీసులో భోజనాల దగ్గర చిన్న గొడవ జరిగింది. మా టీములో ఒకమ్మాయి ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చిన నెలకే అప్రైజల్ వచ్చింది. ఆర్నెల్లు పనిలో లేదు కాబట్టి అందరికంటే కింది రేటింగ్ ఆమెకి పడింది. ఇదేం న్యాయమని ఇద్దరు ముగ్గురం అడిగితే మా లీడ్ ఒకటే మాటన్నాడు: "చట్టం ఇరవయ్యారు వారాలు ఇమ్మంది, ఇచ్చాం. ఆ జీతం ఎవరు కట్టారో ఎవరైనా ఆలోచించారా? క్లయింట్ కడతాడా, గవర్నమెంట్ కడుతుందా?"

మా నోరు మూయించడానికే అన్నాడనుకోండి. కానీ ప్రశ్న మాత్రం తప్పు కాదు. ఎన్ని వారాలు, ఎన్ని రోజులు అని మనం లెక్కలేసుకుంటాం గానీ, ఈ సెలవు చరిత్ర మొత్తం ఆ బిల్లు ఎవరి పేర రాయాలన్న దాని చుట్టూనే తిరిగింది. బిల్లు ఎవరి పేర రాస్తారో దాన్నిబట్టే ఎవరికి సెలవు దొరుకుతుందో, ఎవరు బయట మిగిలిపోతారో తేలిపోతుంది. నాకు అర్థమైనంతలో ఆ కథ ఇది.

మన తెలుగునాట దీనికి పాత ఆధారం ఒకటుంది, చాలామందికి తెలీదు. గుంటూరు జిల్లా మందడం దగ్గర మల్కాపురం అనే ఊళ్ళో 1261 నాటి శాసనం ఉంది. తండ్రి గణపతిదేవుడు ఇస్తానన్న మాట ప్రకారం రుద్రమదేవి తమ గురువైన విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం ఊరినీ, దానితోపాటు వెలగపూడినీ దానం చేసింది (ఆ వెలగపూడే ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న ఊరు). వచ్చిన ఆదాయంలో గుడికి, మఠానికి, విద్యార్థులకి పోగా, ప్రసూతిశాలకీ ఆరోగ్యశాలకీ కూడా వాటా రాశారు. అందులో ఎవరు పురుడు పోసుకున్నారో, ఎవరిని రానిచ్చారో శాసనం మనకి చెప్పదు. దాన్ని చూపించి "మన పూర్వీకులకి అన్నీ తెలుసు" అని ఛాతీ విరుచుకోవడం నాకు నచ్చదు. ఒక్క విషయం మాత్రం గమనించండి. పురుటి ఖర్చు ఊరి ఆదాయం మీద రాశారు. అది ఏ ఒక్క యజమాని నెత్తినా పడలేదు.

మా అమ్మమ్మది పానగల్లు. నల్లగొండని ఆనుకుని ఉంటుంది. కందూరు చోళుల రాజధాని, పచ్చల సోమేశ్వరుడు, ఛాయా సోమేశ్వరుడు, ఉదయసముద్రం చెరువు. స్కూల్లో ఉన్నప్పుడు ఎక్స్‌కర్షన్‌కి వెళ్ళినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. ఛాయా సోమేశ్వరంలో లింగం మీద రోజంతా కదలకుండా పడే నీడని అందరూ చూస్తారు. ఆ ఊరి శాసనాలని ఎవరూ చూడరు. గుడికి భూమి ఇచ్చిన లెక్కలుంటాయి వాటిల్లో. చెరువు కింద నాటేసిన ఆడకూలీల ఊసు ఏ రాయి మీదా ఉండదు, అది ఆ రాళ్ళ తప్పు కూడా కాదు.

ఆ కూలీలకి పురుటి ఖర్చు ఎవరు పెట్టుకునేవాళ్ళు? మనందరికీ తెలిసిన జవాబే, కాకపోతే దాన్ని మనం 'ఆచారం' అంటాం. మొదటి కాన్పు తల్లిగారింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తీసుకొచ్చుకుంటారు. కాన్పు, కారం, కాయం, మంత్రసానికి ఇచ్చేది, చీర, ఉయ్యాల అన్నీ అమ్మాయి తండ్రి పేరనే. మూడు నెలలకో ఐదు నెలలకో సారె పెట్టి పంపిస్తారు. ఒక విధంగా ఇది ప్రసూతి పథకమే. అత్తగారింటి చాకిరీ నుంచి కొన్ని నెలల రెస్టు, తిండి, తోడు. దానికి ప్రీమియం మాత్రం ఆడపిల్లని కన్న ఇల్లు కడుతుంది. తల్లిగారింట్లోనే తిండికి లేకపోతే పథకం ఫెయిల్. రెండో కాన్పు నుంచి కవరేజీ కూడా ఉండదు.

పనిలోకి తిరిగి రావడానికి కూడా ఒక తతంగం ఉంది. మా ఇళ్ళల్లో ఇరవై ఒకటో రోజున బాలింత చేత బావికి పసుపు కుంకుమ పెట్టించి ఒక చేద నీళ్ళు తోడిస్తారు. చిన్నప్పుడు అదేదో పూజ అనుకునేదాకా సరే. ఇప్పుడు చూస్తే అది అచ్చంగా జాయినింగ్ రిపోర్ట్ :) ఇక నీళ్ళు మోయొచ్చు అని ఊరికి చెప్పడం. కూలి చేసుకునే ఇళ్ళల్లో ఆ ఇరవై ఒకటి కూడా నిండేది కాదని అమ్మమ్మ అనేది. నాట్లప్పుడు కాన్పయితే చంటిదాన్ని గట్టున చెట్టుకి జోలె కట్టి పడుకోబెట్టి మడిలో దిగడమే. నిజాం కాలంలో వెట్టి గురించి ఈ జిల్లా పెద్దవాళ్ళు చెప్పే కథల్లో పచ్చి బాలింతని దొర పొలానికి పిలిపించిన సంగతులు మళ్ళీ మళ్ళీ వస్తాయి.

సరే, ఇక చట్టాల్లోకి.

యూరప్‌లో ఈ బిల్లుని మొదట ఇన్సూరెన్స్ పేర రాసింది జర్మనీ. బిస్మార్క్ తెచ్చిన 1883 ఆరోగ్య బీమా చట్టంలో బీమా ఉన్న ఆడవాళ్ళకి కాన్పు తర్వాత మూడు వారాల భత్యం పెట్టారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వాషింగ్టన్‌లో తొలి సమావేశం పెట్టుకున్నప్పుడు చేసిన మూడో ఒప్పందమే ప్రసూతి మీద. కాన్పుకి ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు. డబ్బు ప్రభుత్వ నిధుల నుంచి గానీ బీమా నుంచి గానీ రావాలని అందులోనే రాశారు. 1952లో దాన్ని తిరగరాసినప్పుడు ఇంకో అడుగు ముందుకేసి, ఏ పరిస్థితిలోనూ ఈ ఖర్చు యజమాని ఒక్కడి నెత్తిన వేయకూడదని స్పష్టంగా చెప్పారు. ఎందుకో మా లీడ్‌ని అడిగితే చెప్తాడు. ఖర్చు యజమానిదే అయితే, ఆ యజమాని ఆడవాళ్ళని తీసుకోవడానికే వెనకాడతాడు. ఈ రెండు ఒప్పందాల మీదా ఇండియా సంతకం పెట్టలేదు.

మన దగ్గర ఎన్.ఎం. జోషి 1924లో కేంద్ర శాసనసభలో ఒక బిల్లు పెట్టాడు, అది ఓడిపోయింది. తర్వాత బొంబాయి మండలిలో మళ్ళీ వచ్చింది. 1928 జులైలో దాని మీద మాట్లాడినవాళ్ళలో అంబేడ్కర్ ఒకరు. అప్పటికాయన వయసు 37, మండలికి నామినేటైన సభ్యుడు. కాన్పుకి ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మంచిదని, అందువల్ల భారంలో ఎక్కువ భాగం నిజానికి ప్రభుత్వం మొయ్యాలని ఆయన ఒప్పుకున్నారు. అలాగని ఆమె చేత పని చేయించుకుని లాభపడే యజమాని తప్పించుకోకూడదని కూడా అన్నారు. రెండు మాటలూ ఒకే ప్రసంగంలో ఉన్నాయి. చట్టం చేసేటప్పుడు మాత్రం రెండోది ఉండిపోయి మొదటిది జారిపోయింది. 1929లో వచ్చిన బొంబాయి చట్టం, రోజుకి ఎనిమిది అణాల చొప్పున మిల్లు యజమాని కట్టాలంది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1934లో ఇలాంటిదే వచ్చింది. 1941లో గనులకి కేంద్ర చట్టం.

ఇవన్నీ ఫ్యాక్టరీ గేటు లోపల ఉన్నవాళ్ళకి. యజమాని చేత కట్టించాలంటే ముందు యజమాని అంటూ ఒకడు తేలాలి, వాడి రిజిస్టర్లో పేరుండాలి. ఇవాళ ఒకరి పొలం, రేపు ఇంకొకరి పొలం చేసే నాటు కూలికి యజమాని ఎవరు?

స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే ఒక మంచి పని జరిగింది. 1948 ఈఎస్ఐ చట్టం. యజమానీ కార్మికుడూ కలిసి ప్రతి నెలా నిధికి కడతారు. జబ్బుకీ కాన్పుకీ డబ్బు ఆ నిధి ఇస్తుంది. ఫలానా కంపెనీలో ఈ ఏడాది పది మంది గర్భిణులున్నారా ఒక్కరూ లేరా అన్నదాంతో కంపెనీ కట్టే మొత్తం మారదు. రిస్క్ పూలింగ్ అంటామే, అదే. ఆడపిల్లని తీసుకుంటే ఖర్చు అనే లెక్కే అక్కడ పుట్టదు. ఆ దారినే పోయుంటే బాగుండేది. కానీ ఈఎస్ఐకి జీతం పరిమితి ఉంది. ఆ గీత దాటినవాళ్ళకీ, ఈఎస్ఐ చేరని చోట్లకీ 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చింది. 1963 నవంబరు నుంచి అమలు. 12 వారాల పూర్తి వేతనం, బిల్లు మళ్ళీ యజమాని పేర. అంతకుముందు పన్నెండు నెలల్లో 160 రోజులు పనిచేసి ఉండాలన్నారు, దాన్ని 1988 సవరణలో 80 రోజులకి తగ్గించారు.

బిల్లు కట్టాల్సినవాడు ఎప్పుడూ చేసే పని ఒకటుంది: స్పెసిఫికేషన్‌లో లొసుగు వెతకడం. పన్నెండు వారాలంటే ఎన్ని రోజులు? 84 అని మీరంటారు. కోయంబత్తూరు వైపు ఒక తోట యజమాన్యం 72 అంది. ఆదివారాలు ఎలాగూ కూలి లేదు కదా, అందుకని వారానికి ఆరు రోజులే. ఆ పన్నెండు రోజుల కూలి కోసం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వారమంటే ఆదివారంతో కలిపి ఏడు రోజులేనని 1977లో కోర్టు తేల్చింది. మన ఆఫ్-బై-వన్ బగ్గులు దీని ముందు ఎంత!

ఇంకో దారి, అసలు గర్భిణులే లేకుండా చూసుకోవడం. ఎయిర్ ఇండియాలో ఎయిర్ హోస్టెస్‌కి మొదటి గర్భం వస్తే ఉద్యోగం పోయే రూలుండేది. 1981లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎల్ఐసీ ఉద్యోగ దరఖాస్తులో నెలసరి సరిగ్గా వస్తుందా, చివరిసారి ఎప్పుడొచ్చింది, ఎన్ని కాన్పులయ్యాయి అని కాలమ్స్ ఉండేవి. గర్భం దాచిందని ఒకామెని ప్రొబేషన్‌లో తీసేస్తే, 1991లో కోర్టు ఆమెని వెనక్కి తీసుకోమని, ఆ కాలమ్స్ తీసెయ్యమని చెప్పింది. అవి పాత రోజులు అనుకుంటున్నారా? 2021 డిసెంబరు చివర్లో స్టేట్ బ్యాంకు, మూడు నెలలు దాటిన గర్భిణిని కొత్తగా ఉద్యోగంలోకి తీసుకోవాలంటే 'తాత్కాలికంగా అన్‌ఫిట్' అంటూ నియమాలు మార్చింది. గొడవ అయ్యాక 2022 జనవరిలో వెనక్కి తీసుకుంది.

రోజుకూలీల విషయం 2000 మార్చి 8న తేలింది. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద రోడ్డు పనులు చేసే ఆడవాళ్ళకి ఈ చట్టం వర్తిస్తుందా అన్నది కేసు. వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. గొప్ప తీర్పే. అయితే అక్కడ కూడా మస్టర్ రోల్ అనే కాగితం ఒకటి ఉంది, చివరన ఒక కార్పొరేషన్ ఉంది.

ప్రభుత్వోద్యోగులకి యజమానీ సర్కారే కాబట్టి చిక్కులేదు. కేంద్రంలో 2008 సెప్టెంబరు నుంచి 180 రోజులు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 నుంచి 180 రోజులు. ప్రైవేటు వాళ్ళకి 26 వారాలు వచ్చేసరికి 2017 ఏప్రిల్ అయింది. యాభై మందికి పైగా ఉన్న చోట క్రెష్ పెట్టాలన్న షరతు కూడా అప్పుడే వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ నల్లగొండకి రండి, 2010కి. నన్నడిగితే ఈ కథలో అన్నిటికంటే ఆసక్తికరమైన ముక్క ఇదే. ఆ ఏడాది కేంద్రం ఇందిరాగాంధీ మాతృత్వ సహయోగ్ యోజన అని ఒక పథకం మొదలుపెట్టింది. దేశమంతా కాదు, పైలట్‌గా 52 జిల్లాల్లో. మన రాష్ట్రంలో రెండు జిల్లాలకి దక్కింది: పశ్చిమ గోదావరి, నల్లగొండ. అంతకుముందు కూడా కాన్పుకి డబ్బులిచ్చే పథకాలున్నాయి. 2005 నాటి జననీ సురక్షా యోజన ఆసుపత్రిలో కాన్పు చేయించుకున్నందుకు ఇచ్చేది. ఇది అలాంటిది కాదు. పనికి పోకుండా ఇంట్లో ఉంటే పోయే కూలిలో కొంత భర్తీ చేస్తామని ప్రభుత్వం మొదటిసారి ఒప్పుకుంది. అంటే యజమాని లేని ఆడదానికి ఖజానాయే యజమాని. మల్కాపురం శాసనం తర్వాత ఏడువందల యాభై ఏళ్ళకి బిల్లు మళ్ళీ ఊరి ఆదాయం పేరన పడింది.

ఎంతిచ్చారంటే, 4,000. మూడు విడతలు. గర్భం నాలుగు నెలలు దాటకముందే అంగన్‌వాడీలో పేరు రాయించుకుని, ఇంజెక్షన్లూ మాత్రలూ తీసుకుంటే ఆరో నెల చివర 1,500. బిడ్డకి మూడు నెలలు నిండి, జనన నమోదూ టీకాలూ బరువు తూచడం అయితే ఇంకో 1,500. ఆరు నెలలపాటు తల్లిపాలే పట్టినట్టు తేలితే చివరి 1,000. ఒక్కో చెక్‌పాయింట్ దగ్గర టెస్ట్ కేసులు పాసైతేనే తర్వాతి విడత రిలీజ్. ఒక్కో కేసుకి అంగన్‌వాడీ టీచరుకి 200, ఆయాకి 100.

ఒక చిన్న లెక్క వేద్దాం. అప్పట్లో ఉపాధి హామీ కూలి రోజుకి 100. అంటే 4,000 నలభై రోజుల కూలి. ఆర్నెల్లు పాలివ్వమని షరతు, నలభై రోజులకి డబ్బు. అదే కూలికి 1961 చట్టం వర్తించి ఉంటే 84 రోజులకి 8,400 రావాలి. అదే ఏడాది, అదే నల్లగొండలో సర్కారు బడి టీచరమ్మకి 180 రోజుల పూర్తి జీతం. టీచరమ్మకి ఎక్కువని కాదు నేననేది. నాటేసే మనిషి ఒంటికి నలభై రోజులు చాలని ఏ లెక్కలో తేల్చారన్నదే నాకు అర్థం కాదు.

పైగా వయసు 19 నిండాలి, మొదటి ఇద్దరు పిల్లలకే. పదిహేడూ పద్దెనిమిదికే పెళ్ళిళ్ళు చేసే ఊళ్ళల్లో అందరికంటే బలహీనంగా ఉండే తల్లి ఎవరు? పందొమ్మిది నిండనిదే. ఆమెని పథకం నుంచి తీసేస్తే బాల్యవివాహం ఆగుతుందని ఎవరికి తోచిందో గానీ, పెళ్ళి చేసిన తండ్రి తప్పుకి కడుపుతో ఉన్న పిల్ల జరిమానా కట్టింది.

2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. ప్రభుత్వోద్యోగులూ, వేరే చట్టం కింద ఇలాంటి ప్రయోజనం అందుకునేవాళ్ళూ తప్ప మిగతా గర్భిణులందరికీ 6,000కి తగ్గకుండా ఇవ్వాలని అందులో రాశారు. హక్కు దేశమంతటికీ, డబ్బు మాత్రం ఇంకో మూడేళ్ళు ఆ పైలట్ జిల్లాలకే. నల్లగొండ ఆ లెక్కన అదృష్టవంతురాలు. 2017 జనవరి నుంచి ప్రధానమంత్రి మాతృ వందన యోజన పేరుతో దేశమంతా చేశారు. చేస్తూ చేస్తూ 6,000ని 5,000 చేశారు, ఇద్దరు పిల్లలని ఒక్కరు చేశారు. మిగతా వెయ్యి జననీ సురక్ష నుంచి వస్తుంది కాబట్టి సగటున ఆరు వేలే అయిందన్నది సమర్థన. రిక్వైర్‌మెంట్‌ని ఇలా క్లోజ్ చేస్తే మన టెస్టింగ్ టీమ్ ఊరుకుంటుందా? రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఇవ్వడం 2022లో చేర్చారు.

తెలంగాణ ఆ పథకంలో చేరకుండా కొన్నేళ్ళు తన దారిన తాను పోయింది. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో సర్కారు దవాఖానలో కాన్పు అయితే మగపిల్లాడికి 12,000, ఆడపిల్లకి 13,000. నాలుగు విడతలు, ఇద్దరు పిల్లల వరకు. పైన సబ్బు, నూనె, దోమతెర, చీరలున్న సంచి. అందరూ సంచి గురించే మాట్లాడుకున్నారు, ఫోటోలు కూడా సంచితోనే. నాకు ముఖ్యమనిపించింది నగదు. ఆ ఏడాది తెలంగాణలో ఉపాధి హామీ కూలి 197. అంటే సుమారు 61 రోజుల కూలి. నలభై నుంచి అరవైకి వచ్చాం. ప్రైవేటు ఆసుపత్రికి పోతే ఏమీ వచ్చేది కాదు కాబట్టి ఇది కూలికి భర్తీ ఎంతో, ఆసుపత్రికి ప్రోత్సాహకం ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

ఆన్‌సైట్‌లో ఉన్న మిత్రులు నవ్వుకుంటూ ఉంటారు. అమెరికా చట్టం (1993) ఇచ్చేది 12 వారాలు, అది కూడా జీతం లేకుండా, యాభై మంది పైన ఉన్న కంపెనీలో ఏడాది సర్వీసు ఉంటే. అక్కడ కూడా దారి చూపించింది బీమాయే. కాలిఫోర్నియాలో 2004 నుంచి ఉన్న పెయిడ్ ఫ్యామిలీ లీవుకి డబ్బు ఉద్యోగుల జీతాల్లోంచి కోసే ఎస్‌డీఐ నుంచి వస్తుంది. బే ఏరియాలో ఉన్నవాళ్ళు పేస్లిప్ చూసుకోండి, పెళ్ళికానివాడు కూడా కడుతున్నాడు. అయినా మనవాళ్ళు చేసేదేంటి? ఏడో నెలకి హైదరాబాదు నుంచి అమ్మని ఆర్నెల్ల విజిటర్ వీసా మీద పిలిపించుకోవడం. ఆమె తిరిగెళ్ళే రోజుకి అత్తగారు దిగుతుంది. పానగల్లు తల్లిగారిల్లు విమానం ఎక్కిందంతే. ఆ ఇద్దరు పెద్దవాళ్ళ పన్నెండు నెలలకి ఎవరూ బిల్లు రాయలేదు.

ఇక్కడ తాజా సంగతి: 2025 నవంబరు 21న సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చి, 1961 చట్టం అందులో కలిసిపోయింది. 26 వారాలు, 80 రోజులు, యజమాని జేబు అన్నీ అలాగే ఉన్నాయి. 26 వారాల్లో ఏడు వారాల జీతం కంపెనీలకి ప్రభుత్వం తిరిగిచ్చే ఆలోచన 2018 నవంబరులో బయటికొచ్చింది. అది ఇంకా ప్రతిపాదనేనని రెండు రోజుల్లోనే వివరణ కూడా వచ్చింది.

మా బిల్డింగులో రెండు పద్ధతులూ ఒకే అంతస్తులో ఉన్నాయి. నా పక్క క్యూబికల్లో అమ్మాయి సెలవు మా ప్రాజెక్టు బడ్జెట్‌లో ఒక లైను. అందుకే అప్రైజల్లో ఆ లైను ఎవరికో గుర్తొచ్చింది. ఆ క్యూబికల్ తుడిచే అక్క కాంట్రాక్టరు కింద పనిచేస్తుంది, ఈఎస్ఐలో ఉంది. ఆమె కాన్పుకి వెళ్తే 26 వారాల డబ్బు నిధి నుంచి వస్తుంది, సనత్‌నగర్ ఆసుపత్రి ఉంటుంది, కాంట్రాక్టరుకి పైసా అదనపు ఖర్చు లేదు. కాకపోతే కాంట్రాక్టరు ఆమె పేర 70 రోజుల వాటా నిజంగా కట్టి ఉండాలి. కట్టాడో లేదో ఆమెకి తెలిసే దారి ఫోన్లో ఈఎస్ఐ లాగిన్. మొన్న అడిగి చూస్తే అక్కకి తన ఇన్సూరెన్స్ నంబరే ఎవరూ ఇవ్వలేదు.

ఈఎస్ఐ జీతం పరిమితిని 2017 జనవరిలో 15,000 నుంచి 21,000కి పెంచారు. కాన్పు ఒక్కదానికి ఆ గీత తీసేసి, ఇంజనీర్ల జీతంలోంచి కూడా ఆడామగా తేడా లేకుండా ఓ చిన్న శాతం కోస్తే నాకు అభ్యంతరం లేదు. మా లీడ్‌కి ఈ మాట చెప్పాను. "నా జీతంలోంచి ఎందుకు?" అన్నాడు.